మూత్ర పరీక్ష నివేదికను మూత్రం నడిచిన దారిలోనే చదవడం ఎలా?

నివేదిక చేతికి అందగానే చాలామంది చూపు నేరుగా ముద్దక్షరాల్లో ఉన్న అంకె మీదికి వెళ్తుంది. అది ఉండవలసిన దానికంటే ఎక్కువని తెలుస్తుంది గాని, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. రంగు, రసాయన పరీక్షలు, సూక్ష్మదర్శిని పరిశీలన అంటూ నివేదికలో కనిపించే వరుస ప్రయోగశాలలో పని జరిగే క్రమాన్ని బట్టి ఏర్పడింది. మూత్రం శరీరంలో తయారై బయటికి వచ్చే క్రమం వేరు. నేను ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఒక్కటే: నివేదికలోని ప్రతి పంక్తినీ పట్టుకుని, ఇది మూత్రంలో ఏ చోట కలిసింది అని అడగాలి. రక్తం మూత్రపిండంలోకి ప్రవేశించే చోటు నుంచి మూత్రం సీసాలో పడే చోటు వరకు ఉన్న దారి మీకు బాగా తెలిస్తే, ఈ ప్రశ్నకు చాలాసార్లు మీరే జవాబు చెప్పుకోగలరు. జబ్బును నిర్ణయించడం, మందు రాయడం వైద్యుల పనే. వారి ఎదుట కూర్చున్నప్పుడు సరైన ప్రశ్న అడగడానికి మాత్రం ఈ పద్ధతి మీకు గట్టిగా తోడ్పడుతుంది.

ముందుగా దారిని గీసుకోండి

ఒక తెల్ల కాగితం తీసుకుని పైభాగంలో రెండు చిక్కుడు గింజల ఆకారాలు గీయండి. మూత్రపిండాలు వెన్నెముకకు ఇరువైపులా, పొట్ట లోపలి పొరకు వెనుకగా, చివరి పక్కటెముకల చాటున ఉంటాయి. కుడివైపుదాన్ని కాస్త కిందికి గీయండి, ఎందుకంటే దానికి పైన పెద్ద కాలేయం ఉండటం వల్ల అది ఎడమదానికంటే కొద్దిగా దిగువన ఉంటుంది. ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు ఉంటుంది. ఇంత చిన్న అవయవాల్లోకి, మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే నిమిషానికి సుమారు ఒక లీటరు, ప్రవహిస్తుంది. అవి బతకడానికి అంత రక్తం అక్కర్లేదు. శుభ్రపడటానికి వెళ్తున్న రక్తం అది.

ఒక్కో గింజ లోపలి అంచు నుంచి కిందికి ఒక సన్నని గొట్టం గీయండి. అది మూత్రనాళం. 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుండే ఈ గొట్టం మూడు చోట్ల ఇరుకవుతుంది: మూత్రపిండం నుంచి బయలుదేరే చోట, కటి అంచున పెద్ద రక్తనాళాల మీదుగా దాటే చోట, మూత్రాశయం గోడలోకి దూరే చోట. ఈ మూడింటి దగ్గర చిన్న గీతలు పెట్టుకోండి, తరువాత పనికొస్తాయి. రెండు నాళాలూ కలిసే సంచి మూత్రాశయం. దాని అడుగు నుంచి బయటికి పోయే చివరి గొట్టాన్ని పాఠ్యపుస్తకాలు ప్రసేకం అంటాయి. స్త్రీలలో అది సుమారు 4 సెంటీమీటర్లే. పురుషులలో సుమారు 20 సెంటీమీటర్లు ఉండి, మొదట్లోనే ప్రోస్టేట్ గ్రంథి మధ్యగా పోతుంది.

ఇప్పుడు కాగితం పక్క ఖాళీలో మరో బొమ్మ పెద్దదిగా వేయండి. ఒక్కో మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే సన్నని వడపోత యంత్రాలు దాదాపు 10 లక్షలు ఉంటాయి, వాటిలో ఒకదాని బొమ్మ ఇది. సన్నని రక్తకేశనాళికలు దారపుండలా చుట్టుకున్న ముద్దను గీసి, దాని చుట్టూ ఒక గిన్నె గీయండి. ముద్ద పేరు గ్లోమెరులస్, గిన్నె పేరు బౌమన్ గుళిక. గిన్నె నుంచి బయలుదేరిన నాళిక మొదట మెలికలు తిరుగుతుంది, ఆపైన తలపిన్నులా మూత్రపిండం లోతుల్లోకి దిగి మళ్లీ పైకి వస్తుంది. ఆ మలుపును హెన్లీ శిక్యం అంటారు. తరువాత మరికొన్ని మెలికలు తిరిగి, అలాంటి ఎన్నో నాళికలు కలిసే సంగ్రహణ నాళంలో చేరుతుంది. ముద్దలోకి రక్తం తెచ్చే ధమనిక కంటే దాన్ని బయటికి తీసుకుపోయే ధమనిక సన్నగా ఉంటుంది కనుక, లోపల ఒత్తిడి పెరిగి రక్తంలోని నీరు, లవణాలు, చక్కెర, యూరియా వంటివి గిన్నెలోకి వడకట్టబడతాయి.

ఈ వడపోత ఎంతటిదో తెలిస్తే నివేదికను చూసే దృష్టే మారుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకు సుమారు 180 లీటర్లు వడపోతగా దిగుతుంది. శరీరంలోని ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, మొత్తం దాదాపు 3 లీటర్లే కాబట్టి, అదే ప్లాస్మా రోజుకు దాదాపు 60 సార్లు జల్లెడలో పడుతున్నట్టు లెక్క. చివరికి బయటికి వచ్చేది మాత్రం లీటరున్నర అటూ ఇటూ. మిగిలినదంతా నాళిక తిరిగి రక్తంలోకి లాగేసుకుంటుంది. అందువల్ల సీసాలో మీరు చూసే మూత్రం కేవలం రక్తం పారేసినది కాదు, నాళిక ఆచితూచి ఏరుకున్న తరువాత మిగిలినది.

బొమ్మ మీద ఇప్పుడు అయిదు మజిలీలకు అయిదు అంకెలు వేయండి. గ్లోమెరులస్‌కు 1, నాళికకు 2, మూత్రనాళానికి 3, మూత్రాశయానికి 4, ప్రసేకానికీ బయటి ద్వారానికీ కలిపి 5. రక్తంలోనే ఎక్కువై వడపోతలో దిగినవి కొన్ని ఉంటాయి, వాటికి 0 అనుకోండి. ఇక నివేదికలోని ప్రతి పంక్తి పక్కన ఈ అంకెల్లో ఒకటి రాయడమే మీ పని.

నమూనా సరిగ్గా పట్టకపోతే అంకెలకు అర్థం ఉండదు

అయిదో మజిలీ నుంచి కలిసే చెత్తను తప్పించడానికే మధ్యధార పట్టమంటారు. చేతులు కడుక్కుని, మూత్రద్వారం చుట్టూ నీటితో శుభ్రం చేసుకోవాలి. స్త్రీలు జననాంగపు పెదవులను విడదీసి ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలి, ముందుచర్మం ఉన్న పురుషులు దాన్ని వెనక్కి లాగి శుభ్రం చేసుకోవాలి. మొదటి ధారను వదిలేయాలి, ఎందుకంటే ప్రసేకం గోడలకు అంటుకుని ఉన్న కణాలను, సూక్ష్మజీవులను అది కడిగేస్తుంది. ధార ఆపకుండానే సీసాను అడ్డుపెట్టి 30 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టి, మిగిలినదాన్ని వదిలేయాలి. సీసా లోపలి అంచును, మూత లోపలి భాగాన్ని వేలితో తాకకూడదు. నెలసరి సమయంలో ఇచ్చిన నమూనాలో రక్తం కనిపిస్తే అది ఏ మజిలీదో చెప్పడం కష్టం కాబట్టి, అత్యవసరం కాకపోతే కొన్ని రోజులు ఆగడం మేలు.

ఉదయం లేవగానే వచ్చే మూత్రం రాత్రంతా నీరు తాగకపోవడం వల్ల చిక్కగా ఉంటుంది, మూత్రాశయంలో గంటల తరబడి నిలిచి ఉంటుంది. రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్‌ను, సూక్ష్మజీవుల జాడ చెప్పే నైట్రైట్‌ను వెతకడానికి అది మంచి నమూనా. పట్టిన తరువాత 2 గంటల్లోపు ప్రయోగశాలకు చేరాలి, వీలుకాకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒకసారి నేను పట్టిన సీసాను సంచిలో పెట్టుకుని వేరే పనుల మీద తిరిగి, మధ్యాహ్నం దాటాక అందజేశాను. నివేదికలో సూక్ష్మజీవులు మెండుగా ఉన్నాయని, క్షారత పెరిగిందని వచ్చింది. మరుసటి రోజు వెంటనే ఇచ్చిన నమూనాలో రెండూ లేవు. వెచ్చటి సీసాలో సూక్ష్మజీవులు గంటగంటకూ పెరుగుతాయి, కొన్ని యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మార్చి పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతను, పైకి తీసుకుపోతాయి, కణాలు పగిలిపోతాయి. ఆ మార్పులకు అయిదు మజిలీలలో ఏదీ కారణం కాదు, సీసాయే కారణం.

అన్నిటికంటే ముందు చిక్కదనం చూడండి

నివేదికలో అందరూ దాటేసే పంక్తి స్పెసిఫిక్ గ్రావిటీ. నా దృష్టిలో మొదట చదవవలసినది అదే. మూత్రంలో నీటితో పోల్చితే ఎంత పదార్థం కరిగి ఉందో అది చెబుతుంది. సాధారణంగా 1.005 నుంచి 1.030 మధ్య ఉంటుంది. మిగతా పంక్తులన్నీ గాఢతను కొలిచేవే కాబట్టి, మూత్రం పలచనైతే అన్నీ తగ్గి కనిపిస్తాయి, చిక్కనైతే అన్నీ పెరిగి కనిపిస్తాయి. 1.003 ఉన్న నమూనాలో ప్రోటీన్ లేదని వస్తే నిశ్చింతగా ఉండలేం. 1.030 ఉన్న నమూనాలో ప్రోటీన్ స్వల్పంగా కనిపించిందని గాభరాపడనూ అక్కర్లేదు.

ఈ చిక్కదనం రెండో మజిలీ పనితనం. హెన్లీ శిక్యం దిగే పాయ నీటిని వదులుతుంది, ఎక్కే పాయ నీటిని పోనివ్వకుండా లవణాన్ని మాత్రమే బయటికి తోడుతుంది. ఈ రెండు పాయల్లో ద్రవం ఎదురెదురు దిశల్లో పారడం వల్ల మూత్రపిండం లోతట్టు భాగం రక్తం కంటే దాదాపు నాలుగు రెట్లు గాఢంగా తయారవుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పిట్యూటరీ గ్రంథి వాసోప్రెసిన్ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది సంగ్రహణ నాళం గోడల్లో నీటి ద్వారాలను తెరిపించగానే, చుట్టూ ఉన్న గాఢత నాళంలోని నీటిని బయటికి లాగేస్తుంది. నీరు ఎక్కువగా తాగినప్పుడు హార్మోన్ తగ్గి, ద్వారాలు మూసుకుని, పలచని మూత్రం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నాళిక ఇలా అవసరాన్ని బట్టి రెండు వైపులా మారగలదు. నీరు తాగినా తాగకపోయినా, వారాల తేడాతో ఎన్నిసార్లు పరీక్షించినా 1.010 దగ్గరే నిలిచిపోతే, నాళిక చిక్కబరచడాన్నీ పలచబరచడాన్నీ వదిలేసిందేమోనని అడగవలసి ఉంటుంది, ఎందుకంటే అది గ్లోమెరులస్ నుంచి దిగిన వడపోత గాఢతకు దాదాపు సమానం.

రంగు సాధారణంగా ఈ చిక్కదనాన్నే అనుసరిస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపుకు తిప్పుతుంది, బి2 విటమిన్ మాత్రలు ముదురు పసుపు చేస్తాయి. వాడుతున్న మందుల పేర్లు ముందే చెప్పండి.

మొదటి మజిలీ: ప్రోటీన్, వంకర కణాలు

గ్లోమెరులస్ జల్లెడకు మూడు పొరలు ఉంటాయి: రంధ్రాలున్న కేశనాళిక గోడ, దాని మీద ఆధారత్వచం, ఆపైన కాళ్లు చాచి పట్టుకున్న పోడోసైట్లు అనే కణాలు. ఆ కాళ్ల మధ్య సందులు ఎంత సన్నగా ఉంటాయంటే, చక్కెర, లవణాలు దిగిపోతాయి గాని అల్బుమిన్ దాదాపుగా ఆగిపోతుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో రోజు మొత్తానికి కలిపి 150 మిల్లీగ్రాముల లోపే ప్రోటీన్ ఉంటుంది. అందుకే ప్రోటీన్ పంక్తి పక్కన మొదట రాయవలసిన అంకె 1.

మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీతో చేసే పరీక్షలో 1+ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, 3+ అంటే సుమారు 300. ఇవి గాఢతలు మాత్రమే. రోజుకు ఎంత పోతున్నదో ఇవి చెప్పవు. ఆ లోటు తీర్చడానికే అల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో భాగించి నిష్పత్తి చూస్తారు. కండరాల నుంచి క్రియాటినిన్ దాదాపు ఒకే వేగంతో వస్తుంటుంది కాబట్టి, మూత్రం పలచనైతే రెండూ కలిసి తగ్గుతాయి, నిష్పత్తి మాత్రం నిలబడుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు అల్బుమిన్ ఉంటే సాధారణం, 300 దాటితే తీవ్రం. మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారికి ఈ నిష్పత్తి పట్టీ కంటే ఎంతో ముందుగా హెచ్చరిక ఇస్తుంది, కనుక వారు దీన్ని ఏటా చేయించుకోవడం అవసరం. జ్వరంలోనూ, ఒళ్లు అలిసే వ్యాయామం చేసిన వెంటనేనూ ప్రోటీన్ తాత్కాలికంగా పడవచ్చు. ఒక్క నివేదికతో నిర్ణయానికి రాకుండా మళ్లీ చూడటం అందుకే. 3 నెలలకు పైగా కొనసాగితేనే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అన్న మాట వస్తుంది.

మూత్రంలో ప్రోటీన్‌కు, మూత్రపిండాల జబ్బుకు ఉన్న ఈ సంబంధం పాతదే. 1827లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒంటి వాపును, వేడి చేస్తే గడ్డకట్టే మూత్రాన్ని, మరణానంతరం పాడై కనిపించిన మూత్రపిండాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూపాడు. గుడ్డులోని తెల్లసొన కాగినట్టే అల్బుమిన్ కూడా వేడికి గట్టిపడుతుంది. పోసినప్పుడు లేచిన నురగ చాలాసేపు తగ్గకుండా నిలవడం కూడా ప్రోటీన్ ఎక్కువగా ఉన్నదనడానికి ఒక సూచనే.

ఎర్రరక్తకణాల పంక్తి దగ్గర తొందరపడి 1 రాయకండి, అవి ఏ మజిలీలోనైనా కలవవచ్చు. ఎక్కడివో చెప్పే సాక్ష్యం సూక్ష్మదర్శిని కింద దొరుకుతుంది. జల్లెడ చిరుగులో నుంచి నలిగి దూరి, నాళిక పొడవునా మారే గాఢతలను దాటి వచ్చిన కణాలు వంకరటింకరగా, బుడిపెలతో ఉంటాయి. మూత్రాశయంలోని గాయం నుంచి కలిసినవి మామూలు గుండ్రని ఆకారంలో ఉంటాయి. అంతకంటే గట్టి సాక్ష్యం కాస్ట్‌లు. నాళిక గోడలు యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌ను స్రవిస్తాయి. అది లోపలే గడ్డకట్టినప్పుడు నాళిక ఆకారంలోనే చిన్న కడ్డీలా పోత పోసుకుని బయటికి వస్తుంది. ఆ పోతలో అప్పుడు నాళికలో ఏ కణాలు ఉంటే అవి ఇరుక్కుంటాయి. ఎర్రకణాల కాస్ట్ కనిపించిందంటే ఆ రక్తం మూత్రపిండంలోనే కలిసిందని అర్థం, ఎందుకంటే కిందనున్న మజిలీలలో అలాంటి అచ్చు లేదు. ఏమీ ఇరుక్కోని పారదర్శకమైన హైలీన్ కాస్ట్‌లు ఒకటి రెండు కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

ఇంకొక తికమక ఉంది. పట్టీలో రక్తం 3+ అని, సూక్ష్మదర్శినిలో ఎర్రకణాలు లేవని వస్తే ప్రయోగశాల తప్పు చేసిందని అనుకోకండి. పట్టీ కణాన్ని చూడదు, అందులోని ఎర్రటి రంగు పదార్థమైన హీమ్‌ను చూస్తుంది. కణాలు సీసాలోనే పగిలినా, రక్తనాళాల్లో పగిలి హీమోగ్లోబిన్ దిగినా, దెబ్బతిన్న కండరాల నుంచి మయోగ్లోబిన్ వచ్చినా అది రంగు మారుతుంది. విపరీతమైన శ్రమ లేదా కండరాలు నలిగిన ప్రమాదం తరువాత ముదురు గోధుమ రంగు మూత్రంతో ఇలాంటి ఫలితం వస్తే, మయోగ్లోబిన్ నాళికలను దెబ్బతీయగలదు కాబట్టి ఆ రోజే వైద్యులను కలవాలి.

రెండో మజిలీ: చక్కెర ఎందుకు దిగింది?

గ్లోమెరులస్ నుంచి దిగే ద్రవంలో చక్కెర రక్తంలో ఉన్నంత గాఢంగానే ఉంటుంది. మూత్రంలో మాత్రం కనపడదు. 1924లో వేర్న్, రిచర్డ్స్ అనే శాస్త్రవేత్తలు కప్ప మూత్రపిండంలోని గ్లోమెరులస్ గిన్నెలోకి వెంట్రుకంత సన్నని గాజు గొట్టాన్ని గుచ్చి అక్కడి ద్రవాన్ని తీసి పరీక్షించారు. అందులో ప్రోటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర లేదు. ముందు వడకట్టడం, తరువాత వెనక్కి తీసుకోవడం అనే రెండంచెల పని ఆ చుక్కతో కళ్లకు కట్టింది.

చక్కెరను వెనక్కి తెచ్చేది నాళిక మొదటి మెలికలే. వడపోతలోని నీటిలో, సోడియంలో దాదాపు మూడింట రెండు వంతులను, అమైనో ఆమ్లాలను కూడా అవే తిరిగి లాగుతాయి. చక్కెరను మోసే ప్రోటీన్లకు ఒక హద్దు ఉంటుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మోయలేక మిగిలినది మూత్రంలోకి దిగుతుంది. కనుక చక్కెర కనిపిస్తే రెండు అంకెల మధ్య తేల్చుకోవాలి: రక్తంలోనే ఎక్కువైతే 0, రక్తంలో సరిగ్గా ఉన్నా దిగితే 2. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహ మందులు ఆ మోసే పనిని కావాలనే ఆపుతాయి కాబట్టి, వాటిని వాడేవారి మూత్రంలో చక్కెర ఎప్పుడూ కనిపిస్తుంది. గర్భవతులలో వడపోత పెరగడం వల్ల రక్తంలో చక్కెర సరిగ్గా ఉన్నా దిగవచ్చు. తేల్చేది రక్త పరీక్షే. మూత్రంలో చక్కెర లేదు కాబట్టి మధుమేహం లేదని అనుకోవడం కూడా పెద్ద పొరపాటే.

కీటోన్లు, బిలిరుబిన్ రెండింటికీ 0 రాయండి. మొదటివి ఒళ్లు కొవ్వును కరిగించుకుంటున్నప్పుడు పుడతాయి, ఉపవాసంలో, ఆగని వాంతుల్లో, అదుపు తప్పిన మధుమేహంలో కనిపిస్తాయి. పాత ఎర్రకణాలు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్. దాన్ని కాలేయం నీటిలో కరిగేలా మార్చినదే మూత్రంలోకి రాగలదు, కనుక ప్రశ్న కాలేయం వైపు, పిత్తవాహిక వైపు తిరుగుతుంది. పీహెచ్ 4.5 నుంచి 8 వరకు మారుతూ ఉంటుంది, ఒంటరిగా దానికి పెద్దగా అర్థం లేదు.

మూడో మజిలీ నుంచి కిందికి

మూత్రనాళం గోడలోని కండరం నిమిషానికి కొన్నిసార్లు అలలా బిగుసుకుంటూ మూత్రాన్ని చుక్కచుక్కగా కిందికి తోస్తుంది. అందుకే పడుకుని ఉన్నా మూత్రం దిగుతుంది. రాయి అడ్డుపడితే ఆ అలలే దాన్ని తోయడానికి బలం పెంచుతాయి, నాళం పైన ఉబ్బుతుంది, నడుము పక్క నుంచి గజ్జ దాకా పాకే భరించలేని నొప్పి పుడుతుంది. మీరు గీతలు పెట్టుకున్న మూడు ఇరుకులే రాళ్లు ఎక్కువగా చిక్కుకునే చోట్లు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. అలాంటి నొప్పితో పాటు గుండ్రని ఎర్రకణాలు ఉంటే, ప్రోటీన్, కాస్ట్‌లు లేకపోతే 3 రాయవచ్చు. స్ఫటికాల పంక్తిలో కాల్షియం ఆక్సలేట్ ఉందన్నంత మాత్రాన రాయి ఉన్నట్టు కాదు, చల్లారిన చిక్కని మూత్రంలో అవి మామూలుగానే ఏర్పడతాయి. ఆరు పలకల సిస్టీన్ స్ఫటికం మాత్రం ఎప్పుడు కనిపించినా పట్టించుకోవలసిందే.

మూత్రాశయంలో 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరేసరికి మొదటి కబురు అందుతుంది, 400 నుంచి 500 దగ్గర ఆపుకోవడం కష్టమవుతుంది. ఇలా నిలవ ఉండే కాలమే నైట్రైట్ పంక్తికి తాళంచెవి. ఇ. కోలి వంటి సూక్ష్మజీవులు మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చడానికి సుమారు 4 గంటలు పడుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినవారు అరగంటకోసారి వెళ్తుంటారు కాబట్టి, మూత్రం నిలవక నైట్రైట్ లేదని రావచ్చు. కొన్ని జాతులు అసలు ఆ మార్పే చేయలేవు. అందువల్ల నైట్రైట్ ఉంటే నమ్మవచ్చు గాని, లేదని వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని చెప్పలేం.

పస్ సెల్స్ అని నివేదికలో రాసేవి తెల్లరక్తకణాలు. సూక్ష్మదర్శినిలో బాగా పెద్దది చేసి చూసే ఒక్కో వలయంలో 5 కంటే ఎక్కువ ఉంటే ఎక్కడో వాపు ఉందని అర్థం. మంట, మాటిమాటికీ వెళ్లడం మాత్రమే ఉంటే 4 రాయండి. చలి జ్వరం, నడుము పక్క నొప్పి, తెల్లకణాల కాస్ట్‌లు తోడైతే ఇన్ఫెక్షన్ మూత్రపిండానికి ఎక్కినట్టే, ఆలస్యం తగదు. స్త్రీల ప్రసేకం పొట్టిగా ఉండటమే వారికి మూత్రాశయపు ఇన్ఫెక్షన్లు ఎక్కువగా రావడానికి ప్రధాన కారణం.

ఎపిథీలియల్ సెల్స్ పంక్తిని నమూనా నాణ్యతకు కొలబద్దగా వాడుకోండి. వెడల్పైన, చదునైన స్క్వామస్ కణాలు చాలా ఉంటే అవి అయిదో మజిలీవి, చర్మం నుంచి చెత్త కలిసిందని అర్థం. ఆ నమూనాలోని సూక్ష్మజీవులను, తెల్లకణాలను నమ్మకుండా మళ్లీ మధ్యధార ఇవ్వండి.

కంటికి కనిపించే రక్తం పడితే, ధారలో అది ఏ భాగంలో ఉందో గమనించి రాసుకోండి. మొదట్లోనే పడి తరువాత తేటపడితే ప్రసేకం వైపు, చివర్లో పడితే మూత్రాశయం అడుగు, ప్రోస్టేట్ వైపు, మొదటి నుంచి చివరి దాకా ఉంటే మూత్రాశయం లేదా అంతకంటే పై వైపు వేలు చూపుతుంది. నొప్పి లేకుండా ఒక్కసారి పడి ఆగిపోయినా తప్పక చూపించుకోవాలి. మూత్రాశయపు క్యాన్సర్ అలా నొప్పి లేకుండానే బయటపడవచ్చు, ఆగిపోయింది కదా అని వదిలేసినవారు విలువైన నెలలు పోగొట్టుకుంటారు.

ఒక నివేదికను కలిపి చదువుదాం

స్పెసిఫిక్ గ్రావిటీ 1.015, ప్రోటీన్ 3+, రక్తం 2+, నైట్రైట్ లేదు, తెల్లకణాలు 2 నుంచి 3, ఎర్రకణాలు 20 నుంచి 25, వాటిలో చాలా వంకరగా ఉన్నాయి, ఎర్రకణాల కాస్ట్‌లు ఒకటి రెండు అని ఉందనుకోండి. అధికంగా కనిపించే అంకె ఎర్రకణాలది కాబట్టి రాయి అనిపించవచ్చు. మజిలీల వారీగా చదివితే, మూత్రం చిక్కగా లేకపోయినా ప్రోటీన్ ఇంత ఉంది, 1. కణాలు వంకర, 1. కాస్ట్‌లు కచ్చితంగా మూత్రపిండానివే. కింది మజిలీల సాక్ష్యం ఏదీ లేదు. అన్నీ ఒకే చోటికి దారి తీస్తున్నాయి కాబట్టి అడగవలసిన ప్రశ్న గ్లోమెరులస్ వాపు గురించే. ముఖం, పాదాలు వాచి, రక్తపోటు పెరిగి, మూత్రం తగ్గి ఉంటే ఈ నివేదికను ఒక్కరోజు కూడా దాచుకోకూడదు.

మరొక నివేదికలో గ్రావిటీ 1.028, ప్రోటీన్ స్వల్పం, తెల్లకణాలు 8 నుంచి 10, స్క్వామస్ కణాలు మెండు, సూక్ష్మజీవులు ఉన్నాయి, నైట్రైట్ లేదు, మంట గాని జ్వరం గాని లేవు. ఇందులో ప్రోటీన్ చిక్కదనం వల్ల, మిగతావి అయిదో మజిలీ వల్ల. మందు మొదలుపెట్టే ముందు ఇంకొక నమూనా ఇవ్వడమే సరైన అడుగు.

మూత్రంలో కనిపించనిది

మూత్రం ఎంత తేటగా ఉన్నా, రోజుకు 180 లీటర్ల వడపోత 60కి పడిపోయిందో లేదో ఈ నివేదిక చెప్పలేదు. దానికి రక్తంలో క్రియాటినిన్, దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే నిమిషానికి జరిగే వడపోత అంచనా, కావాలి. ఈజీఎఫ్ఆర్ నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా 3 నెలలకు పైగా ఉంటే మూత్రపిండాల శక్తి తగ్గినట్టు లెక్కిస్తారు. సగం వడపోత పోయేదాకా క్రియాటినిన్ సాధారణ హద్దుల్లోనే కనిపించవచ్చు. అందుకే క్రియాటినిన్ ఒక్కదాన్నే కాక ఈజీఎఫ్ఆర్‌ను, మూత్రంలో అల్బుమిన్ నిష్పత్తిని పక్కపక్కన పెట్టి చూడాలి.

వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు గీసిన బొమ్మ అక్కర్లేదు గాని, అంకెలు వేసుకున్న నివేదిక, పాత నివేదికలు, వాడుతున్న మందుల చీటీ, నమూనా పట్టిన సమయం తీసుకెళ్లండి. మళ్లీ పరీక్ష చేయించుకోమంటే మొదటిసారి ఏ వేళ ఇచ్చారో అదే వేళ, ఉదయపు తొలి మూత్రమైతే మళ్లీ ఉదయపు తొలి మూత్రమే, అదే జాగ్రత్తతో పట్టి ఇవ్వండి. అప్పుడే రెండు నివేదికల్లోని ఒకే పంక్తిని ఎదురెదురుగా పెట్టి పోల్చడం వీలవుతుంది.